ఫ్రాన్సు పల్లెల్లో పూటకూళ్ళు

ఫ్రాన్సు పల్లెల్లో తక్కువ ఖర్చుతో కమ్మటి భోజనం దొరకడం ఊరి కన్నా వేళ మీద ఎక్కువ ఆధారపడుతుంది. వారపు రోజుల్లో మధ్యాహ్నం పన్నెండుకూ ఒంటిగంటన్నరకూ మధ్య రెస్టారెంటున్న చిన్న ఊళ్ళో ఆగితే, పదిహేను నుంచి ఇరవై యూరోలకు మూడు నాలుగు విడతల భోజనం చేసి లేవచ్చు. మన లెక్కలో సుమారు పదిహేను వందల నుంచి రెండు వేల రూపాయలు. అక్కడికే, అదే వంటవాడి చేతి వంటకే, రాత్రి ఎనిమిదికి వెళ్తే బిల్లు రెట్టింపు కావచ్చు. మధ్యాహ్నం రెండున్నరకు వెళ్తే పొయ్యి ఆర్పేసి ఉంటుంది. ఎంత బతిమాలినా ఆమ్లెట్ కూడా పుట్టదు. పారిస్‌లోనూ పెద్ద ఊళ్ళలోనూ పొద్దున్నుంచి రాత్రి దాకా వడ్డించే చోట్లున్నాయి. పల్లెకు ఆ అలవాటు లేదు.

ముందుగా మాటతో వచ్చే చిక్కు. తెలుగువాడు హోటలంటే తిండి దొరికే చోటనుకుంటాడు. ఫ్రాన్సులో ‘ఓతెల్’ అంటే పడక. ‘ఓతెల్ ద వీల్’ అని పెద్ద అక్షరాలతో రాసున్న అందమైన భవనం కనబడితే అది ఆ ఊరి మునిసిపల్ ఆఫీసు. తిండికి వెతకవలసిన బోర్డులు రెస్తొరాఁ, ఒబెర్జ్, బిస్త్రో, క్రెపెరీ. వీటిలో ఒబెర్జ్ అనేది మన పూటకూళ్ళ ఇంటికి బాగా దగ్గర: బాటసారికి తిండి, పడక, ఒకప్పుడు గుర్రానికి గడ్డి కూడా. రెస్టారెంటు అనేది పద్ధెనిమిదో శతాబ్దపు పారిస్‌లో పుట్టిన పట్నవాసపు సరుకు. అంతకు ముందు సత్రపు యజమాని బల్ల చుట్టూ అందరూ కలిసి కూర్చుని, నిర్ణీత వేళకు, నిర్ణీత ధరకు, ఇంట్లో వండినదేదో తినేవారు. నేటి పల్లె మధ్యాహ్న భోజనంలో ఆ పాత పద్ధతి వాసన ఇంకా పోలేదు.

మధ్యాహ్నం ఎందుకు చవక

ఈ చవక పర్యాటకుల కోసం పుట్టింది కాదు. ఉద్యోగులు పని చేసే చోటే కూర్చుని తినడాన్ని ఫ్రెంచి కార్మిక చట్టం ఒప్పుకోదు. కోవిడ్ రోజుల్లో తాత్కాలికంగా సడలించవలసి వచ్చిందంటేనే ఆ నియమం ఎంత పట్టుగా ఉందో తెలుస్తుంది. దానికి తోడు 1967 నుంచి ‘తిత్ర్ రెస్తొరాఁ’ అనే భోజనపు కూపన్లున్నాయి. వాటి ఖరీదులో కనీసం సగం యజమాని భరిస్తాడు. ఇళ్ళు కట్టే మేస్త్రీలకు, కరెంటు పనివాళ్ళకు, పని జరిగే చోట తినవలసి వచ్చినందుకు భోజనపు భత్యం విడిగా ముడుతుంది. చేతిలో కొంత సొమ్ము, గంట విరామం ఉన్న జనం రోజూ ఒకే వేళకు వచ్చి కూర్చుంటారు. వాళ్ళ కోసం పుట్టినదే ‘మెన్యు ఉవ్రియే’, అంటే పనివాళ్ళ భోజనం.

వంటవాడి వైపు నుంచి చూసినా లెక్క కుదురుతుంది. నలభై మంది వస్తారని ముందే తెలుసు. వండేది ఒకటి రెండు కూరలు, అవీ పెద్ద గిన్నెలో సన్నటి సెగ మీద గంటల తరబడి ఉడికేవి. అలాంటి వంటకు లేత ముక్కలు అక్కర్లేదు. చవకగా దొరికే గట్టి మాంసమే నెమ్మదిగా ఉడికి మెత్తబడి రుచికొస్తుంది. వైన్‌లో ఉడికే బూర్గిన్యోఁ, తెల్లటి చారులో తేలే దూడ మాంసపు బ్లాంకెత్ ఈ కోవలోవే. మిగిలిన మాంసాన్ని తరిగి, పైన బంగాళాదుంప ముద్ద పరిచి కాలిస్తే మర్నాటికి ‘హాషి పర్మాంతియే’ సిద్ధం. పారేసేది తక్కువ, వడ్డించే మనిషి ఒక్కరు చాలు.

రుచికి పూచీ కూడా ఈ ఏర్పాటులోనే ఉంది. పర్యాటకుడు ఒక్కసారి వచ్చి పోతాడు. కూర బాగోకపోతే వాడు చేయగలిగిందేమీ లేదు. తాపీమేస్త్రీ అలా కాదు. సోమవారం ఉప్పెక్కువైతే మంగళవారం తన ముఠానంతా వెంటబెట్టుకుని పక్కూరికి పోతాడు. అందుకే నక్షత్రాల లెక్కల కన్నా నమ్మకమైన గుర్తు ఒకటుంది: పన్నెండుంబావుకు వాకిట్లో నెత్తిన నిచ్చెనలు కట్టుకున్న తెల్ల వ్యాన్లు నాలుగైదు నిలబడి ఉండడం. కొందరు కార్ల నంబరు ప్లేట్లలో జిల్లా సంఖ్య చూసి స్థానికులెవరో పోల్చుకోమంటారు. 2009లో వచ్చిన ప్లేట్ల పద్ధతిలో ఆ సంఖ్యను యజమాని తన ఇష్టం వచ్చిన జిల్లాది పెట్టుకోవచ్చు గనక ఆ చిట్కాకు ఇప్పుడు పస తగ్గింది. నిచ్చెనలు మాత్రం అబద్ధం చెప్పవు.

పలక మీద రాత

ధరలు బయట కనబడేలా పెట్టాలన్నది చట్టం. కాబట్టి లోపలికి అడుగు పెట్టకుండానే ఎంతవుతుందో చూసుకోవచ్చు. పల్లెల్లో ఇది చాలాసార్లు సుద్దముక్కతో రాసిన పలక. దాన్ని చదవడానికి నాలుగు మాటలు చాలు.

‘ప్లా ద్యు జూర్’ అంటే ఆ పూట కూర, ఒకే కంచం. ‘ఫోర్ముల్’ అంటే ఆ కూరతో పాటు ముందు తినేదో చివర తినే తీపో, రెండిట్లో ఒకటి. ‘మెన్యు’ అంటే మొత్తం భోజనం, ఒకే ధరకు. ‘కార్త్’ అంటే విడివిడిగా ధరలు కట్టిన పట్టిక. మనవాళ్ళు పొరబడేది ఇక్కడే. మెనూ కార్డు చూపించమనే ఉద్దేశంతో ‘మెన్యు’ అని అడిగితే భోజనం ఆర్డరిచ్చినట్టే అవుతుంది. చూడడానికి కావలసింది కార్త్. అలాగే ‘ఆంత్రె’ అంటే మొదటి విడత. అమెరికాలో ఉండొచ్చిన తెలుగువాళ్ళు దాన్ని అసలు కూరనుకుని ఒక్కటే అడిగి, ముల్లంగి ముక్కలతో సరిపెట్టుకుని లేస్తుంటారు.

పలక మీద ధర అంటే చేతికిచ్చే ధరే. పన్ను అందులోనే, సేవా రుసుమూ అందులోనే. టిప్పు తప్పనిసరి కాదు. సంతోషం కలిగితే ఒకటి రెండు నాణేలు బల్ల మీద వదిలి వస్తారు. రొట్టె, కుళాయి నీళ్ళు భోజనంతో పాటు ఉచితం. అయితే నీళ్ళు అని ఊరికే అడిగితే సీసా తెచ్చి బిల్లులో కలపవచ్చు. ‘యున్ కరాఫ్ దో’ అనాలి. అంటే కూజా నీళ్ళు. రొట్టె బుట్ట ఖాళీ అయితే మళ్ళీ అడిగినా ఎవరూ ఏమీ అనుకోరు. వీటన్నిటి కన్నా ముందు, తలుపు తీయగానే ‘బోఁజూర్’ అనడం మరిచిపోకూడదు. ఆ పలకరింపు లేకుండా సరాసరి బల్ల దగ్గరికి నడిచినవాడికి ఆ పూటంతా వడ్డన కాస్త నింపాదిగా సాగుతుంది.

లారీలు ఆగే చోటు

లారీలు ఆగే దాబాలో తిండి బాగుంటుందన్న నమ్మకం విజయవాడ రోడ్డు మీద ఎంత గట్టిదో బర్గండీ రోడ్ల మీదా అంతే. ఫ్రాన్సులో దానికొక సంస్థే ఉంది. 1934లో ఫ్రాంస్వా ద సొల్యూ అనే ఆయన లారీ డ్రైవర్ల కోసం ‘లే రూత్యే’ అనే పత్రిక మొదలుపెట్టాడు. దాని చుట్టూనే డ్రైవర్లు తినదగ్గ చోట్ల జాబితా, ఎరుపు నీలం రంగుల గుండ్రటి బోర్డు వచ్చాయి. ఆ బోర్డున్న చోటును ‘రొలె రూత్యే’ అంటారు. ఒకప్పుడు వేలల్లో ఉన్న ఇవి టోలు రోడ్లు పెరిగాక వందల్లోకి పడిపోయాయి. పారిస్ నుంచి మార్సెయ్ దాకా పెద్ద రహదారి 1970లో పూర్తయింది. పాత జాతీయ రహదారి 6, 7ల మీద సెలవుల రద్దీని నమ్ముకున్న ఊళ్ళకు ఆ ఏడాదితో గిరాకీ పక్కదారి పట్టింది. కాబట్టి టోలు రోడ్డు పక్కన పెట్రోలు బంకు ఆవరణలో ఖరీదైన శాండ్‌విచ్ తినే కన్నా, ఎగ్జిట్ తీసుకుని పాత రోడ్డెక్కడం ఎప్పుడూ లాభసాటి బేరమే.

లోపల ఎలా ఉంటుందంటే: బల్లల మీద కాగితం పరుస్తారు. గోడ పక్కన మొదటి విడత బల్ల, ఎవరికి కావలసింది వాళ్ళే వడ్డించుకోవాలి. అందులో నిమ్మరసం, నూనె కలిపిన క్యారెట్ తురుము, ఆవాల ఘాటున్న సెలరీ దుంప తురుము, బీట్‌రూట్ ముక్కలు, సగానికి కోసి మయొనేజ్ పూసిన ఉడికిన గుడ్లు, సాసేజ్ చక్రాలు. కంచం తీసుకెళ్ళేటప్పుడు వడ్డించే ఆవిడ కత్తీ ఫోర్కూ మాత్రం తీయదు. రొట్టెముక్కతో తుడిచి పక్కన పెట్టుకోవాలి, తరువాతి విడతకూ అవే. ఆ పైన కూర. గురువారం పప్పులోకి ఉప్పు పంది మాంసమైతే శుక్రవారం చేప. తరువాత చీజ్ పళ్ళెం బల్ల మీద పెట్టి వెళ్ళిపోతారు, కోసుకున్నంత కోసుకోవచ్చు. చివర కారమెల్ పుడ్డింగో ఆపిల్ టార్టో. పావు లీటరు వైన్ చాలా చోట్ల ధరలో కలిసే ఉంటుంది. కాఫీ నిలబడి కౌంటరు దగ్గరే తాగి, డబ్బూ అక్కడే కడతారు. ఒంటరిగా వచ్చినవాణ్ణి పొడుగు బల్ల దగ్గర డ్రైవర్ల మధ్య కూర్చోబెట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇది నాజూకు వంటల చోటు కాదు, పొట్ట నిండే చోటు. రెండింటికీ తేడా తెలిసి వెళ్తే నిరాశ ఉండదు.

రైతు ఇంట్లో, అతిథి బల్ల దగ్గర

సాయంత్రాలకు చవక దారి వేరు. ‘షాంబ్ర్ దోత్’ అంటే ఎవరి ఇంట్లోనో అద్దెకిచ్చే గది. చట్టం ప్రకారం ఇంటికి ఐదు గదులు, పదిహేను మంది అతిథులు మించకూడదు. అలాంటి ఇళ్ళలో కొన్నింటిలో రాత్రి భోజనం కూడా పెడతారు. దాని పేరు ‘తాబ్ల్ దోత్’. ఆ ఇంట్లో దిగినవారికే ఆ బల్ల. ఎంచుకునే వీలు లేదు: ఆ రాత్రి ఏం వండితే అది, ఇంటివాళ్ళతో కలిసి. పూర్వపు పూటకూళ్ళమ్మ ఇల్లు చూడాలంటే ఇదే. పొద్దున్నే చెప్పి ఉంచాలి, తినకూడనివి ఏవైనా ఉంటే అప్పుడే చెప్పాలి.

‘ఫెర్మ్ ఒబెర్జ్’ అంటే రైతు తన పొలంలో, పశువుల మీద వచ్చినదాన్ని వండి వడ్డించే చోటు. వ్యవసాయ మండళ్ళు 1988లో ‘బ్యాఁవెన్యు ఆ లా ఫెర్మ్’ పేరుతో ఇలాంటి పొలాలను ఒక గొడుగు కిందికి తెచ్చాయి. వీటిలో ఆల్సాస్‌లోని మున్‌స్టర్ లోయ పైనున్నవి ప్రత్యేకించి చెప్పుకోదగ్గవి. వేసవిలో ఆవుల్ని వోజ్ కొండల మీది బయళ్ళకు తోలుకెళ్ళి, అక్కడే పాలు పితికి చీజ్ చేసే కాపర్లను ‘మర్కేర్’ అంటారు. వాళ్ళ పేరనే ‘మర్కేర్ భోజనం’. ముందు మాంసం కూరిన వేడి పై, ఆ వెనక పొగబెట్టిన పంది భుజం, దాని పక్కన ‘రోయ్‌గబ్రాగెల్డి’: వెన్న, ఉల్లి, కాస్త కొవ్వు వేసి మూతపెట్టి గంటల తరబడి మగ్గనిచ్చిన బంగాళాదుంపలు. అడుగున పట్టిన బంగారు రంగు మాడు చెక్క కోసం బల్ల దగ్గర చేతులు పోటీపడతాయి. పులిహోర గిన్నె అడుగు కోసం మన ఇళ్ళలో జరిగేదే. ఆఖరున మున్‌స్టర్ చీజ్, బ్లూబెర్రీ టార్టు. ఇది తిన్నాక కొండ ఎక్కే పని పెట్టుకోకూడదు, దిగే పని ఉంటే మంచిది.

గుర్తులు, పుస్తకాలు

రోడ్డెక్కినవాడికి ఎక్కడ తినాలో చెప్పే పుస్తకం టైర్ల కంపెనీ నుంచి రావడం వింతేమీ కాదు. ఎంత తిరిగితే టైర్లు అంత అరుగుతాయి. క్లెర్మోఁ ఫెరాఁకు చెందిన మిషెలాఁ సోదరులు 1900లో సుమారు 35 వేల ప్రతులు అచ్చేసి ఊరికే పంచారు. అప్పటికి దేశంలో కార్లు మూడు వేలు కూడా లేవు. నక్షత్రాలు 1926లో వచ్చాయి. చవక భోజనం వెతికేవాడికి నక్షత్రాలు అక్కరకు రావు. 1997లో మొదలైన ‘బిబ్ గుర్మాఁ’ గుర్తు చూసుకోవాలి. లొట్టలేస్తున్న, ఆ కంపెనీ చిహ్నమైన టైరు మనిషి తలకాయ బొమ్మ అది. మితమైన ధరకు మంచి భోజనమని అర్థం. ఒకసారి సరదా పడదలచుకున్నవాళ్ళు నక్షత్రమున్న చోటుకు కూడా మధ్యాహ్నం పూటే, వారం మధ్యలో వెళ్ళాలి. చాలా చోట్ల అప్పటి భోజనం రాత్రి ధరలో సగానికి దొరుకుతుంది.

నక్షత్రాలకూ పల్లెకూ చుట్టరికం లేకపోలేదు. బ్రెస్ ప్రాంతపు రైతు కుటుంబంలో పుట్టిన ఎజెనీ బ్రాజియే 1933లో తన రెండు రెస్టారెంట్లకూ మూడేసి నక్షత్రాలు సంపాదించింది. ఒకటి లియోఁ నగరంలో, రెండోది కొల్ ద లా లుయేర్ అనే కొండ కనుమ మీద. మొదట్లో ఆ కొండ మీది చెక్క ఇంట్లో గ్యాసూ లేదు, కరెంటూ లేదు.

మిగతా గుర్తులు త్వరగా. పొయ్యి గూడు బొమ్మతో ‘లోజి’ అని ఉంటే కుటుంబం నడిపే చిన్న వసతి; కింద భోజనశాల, పైన గదులు. ‘మేత్ర్ రెస్తొరాతర్’ అనేది 2007 నుంచి ప్రభుత్వం తనిఖీ చేసి ఇచ్చే బిరుదు. ‘బిస్త్రో ద పేయి’ 1990లలో ప్రొవాఁస్ కొండల్లో, ఫొర్కల్కియే చుట్టుపక్కల మొదలైన గుర్తు. చిన్న ఊళ్ళో మిగిలిన ఆఖరి కాఫీ దుకాణమే భోజనశాలగా, రొట్టెల కొట్టుగా, పేపర్ల కొట్టుగా కూడా నడిచే చోటది.

‘ఫె మెజోఁ’ గురించి మాత్రం కాస్త ఆగి చెప్పుకోవాలి. ఇంటి కప్పునే మూతగా పెట్టుకున్న గిన్నె బొమ్మ. 2014 చట్టంతో వచ్చింది. ఫ్యాక్టరీలో వండి ప్యాకెట్లలో వచ్చిన కూరల్ని వేడిచేసి వడ్డించే చోట్లు పెరిగిపోవడంతో, నిజంగా అక్కడే వండినవాటికి ఒక గుర్తుండాలని పెట్టారు. పచ్చి సరుకుతో అక్కడే వండాలన్నది నియమం. కానీ ఆ పచ్చి సరుకు ఫ్రీజరు నుంచి రావచ్చు, తరిగినదీ కావచ్చు. కడిగి తరిగి గడ్డకట్టించిన బీన్స్‌ను వెన్నలో వేయించినా ‘ఇంట్లో చేసినదే’. ఇది గీత గీయడం కన్నా గీతను సాగదీయడమే. కాబట్టి బొమ్మ కన్నా పట్టిక పొడవు చూడడం మేలు. మూడు నాలుగు కూరలు, అందులో ఒకటి చెరిపేసి ఉంటే ధైర్యంగా కూర్చోవచ్చు. పది వేడి కూరలు, పీజా, పాస్తా, పైన ఫోటోలు ఉన్నాయంటే లోపల ఫ్రీజరు పెద్దదని అర్థం.

మనవాళ్ళ ఇబ్బందులు

శాకాహారికి ఫ్రెంచి పల్లె అంత తేలికైనది కాదు. సలాడ్‌లో పంది మాంసపు ముక్కలు, కూరగాయల సూపులో ఎముకల రసం, నైరుతి ప్రాంతంలో బంగాళాదుంపలకు బాతు కొవ్వు. ల ప్యుయి ప్రాంతపు పచ్చటి పప్పు దేశమంతా పేరున్నది, మన మసూరు జాతిదే. పప్పుంది కదా అని ఆశపడితే అందులో ఉప్పు పంది మాంసం తగులుతుంది. ‘మాంసం లేకుండా’ అంటే చేప పెట్టవచ్చు. రొక్ఫోర్, కోఁతే లాంటి పేరున్న చీజ్‌లు పశువు పొట్ట నుంచి తీసిన తోడుతోనే చేస్తారు, నియమమే అది. పట్టింపున్నవాళ్ళు తెలుసుకుని ఉండాలి. గొడ్డు మాంసం తిననివారు ‘బ్యఫ్’ అన్న మాటే కాక ఆంత్రకోత్, బవెత్, స్తెక్ అషే అన్నవీ గుర్తుంచుకోవాలి. అన్నిటి కన్నా పెద్ద వల ‘రి ద వో’. బియ్యానికి ఫ్రెంచి మాటకూ ఇందులోని ‘రి’కీ ఉచ్చారణ ఒక్కటే, స్పెల్లింగే తేడా; అన్నమనుకుని అడిగితే వచ్చేది దూడ గొంతు దగ్గరి గ్రంథి.

బ్రిటనీ వైపు వెళ్ళినవాళ్ళకు మాత్రం ఈ బెంగ లేదు. అక్కడి గలెత్ మన అట్టుకు దూరపు చుట్టం. ‘బ్లే న్వార్’, అంటే నల్లగోధుమ, పేరుకే గోధుమ. ఆ పిండిలో నీళ్ళూ ఉప్పూ కలిపి, ‘బిలిగ్’ అనే గుండ్రటి ఇనుప పెనం మీద పోసి, ‘రొజెల్’ అనే చిన్న చెక్క పారతో పల్చగా తిప్పుతారు. అంచులు కరకరలాడుతుంటే మధ్యలో గుడ్డు కొట్టి, చీజ్ వేసి నాలుగు వైపులా మడుస్తారు. హామ్ వద్దంటే చాలు, పుట్టగొడుగులు వేయించుకోవచ్చు. వీటిని వడ్డించే క్రెపెరీలు దేశమంతటా ఉన్నాయి. రాత్రి పూట కూడా ధర అందుబాటులో ఉండే రెస్టారెంటు ఇదొక్కటే అన్నా తప్పులేదు. ఒబ్రాక్ పీఠభూమి మీద దొరికే అలిగోలో బంగాళాదుంప, తాజా చీజ్, వెల్లుల్లి, వెన్న లేదా మీగడ తప్ప మరేమీ ఉండదు. గరిటెతో ఎత్తితే మనిషెత్తు సాగుతుంది. సాసేజ్ వద్దని ముందే చెప్పాలి. కారం మాత్రం ఎక్కడా ఆశించకూడదు. బాస్క్ సీమ గర్వంగా చెప్పుకునే ఎస్పెలెత్ మిరప గుంటూరువాడికి రంగుపొడి.

మూసి ఉన్న తలుపు

ఆదివారం మధ్యాహ్నం కుటుంబాల పూట. బామ్మలు, మనవలు, పన్నెండు మంది బల్లలు. ముందుగా ఫోన్ చేయనిదే చోటుండదు, పనివాళ్ళ భోజనమూ ఉండదు. ఆదివారం రాత్రి, సోమవారం చాలా వాటికి సెలవు. రాత్రి భోజనం ఏడున్నరకు మొదలై తొమ్మిదికి ముగుస్తుంది. సంత రోజున మాత్రం అన్నీ తెరిచి ఉంటాయి. పల్లె ప్రయాణాన్ని ఊరి సంతల పట్టిక పట్టుకుని వేసుకోవడం తెలివైన పని.

శాశ్వతంగా మూతపడ్డ తలుపులూ తక్కువ కావు. 1960లో దేశంలో రెండు లక్షల దాకా ఉన్న కాఫీ దుకాణాలు ఇప్పుడు నలభై వేలకు లోపే. చాలా ఊళ్ళలో మునిసిపాలిటీయే ఆ భవనాన్ని కొని, నడపడానికి దంపతులెవరైనా వస్తారా అని ప్రకటన ఇస్తోంది. 2019లో ‘వెయ్యి కఫేలు’ పేరుతో ఇలాంటి ఊళ్ళలో దుకాణాలు తెరిపించే ప్రయత్నం మొదలైంది. అదే ఏడాది చట్టం 3,500 లోపు జనాభా ఉన్న ఊళ్ళకు కొత్త మద్యం లైసెన్సులకు వీలిచ్చింది. ఇలా తిరిగి తెరిచిన చోట్ల భోజనం సాదాగా ఉంటుంది, వారానికి రెండు మూడు రోజులే ఉండవచ్చు.

సోమవారం దారిలో చిక్కుకున్నవాడికి మిగిలేది బేకరీ: ఒక బగెత్, కిరాణా కొట్టులో చీజ్ ముక్క, రెండు టమాటాలు, నది ఒడ్డున బెంచీ. ఆ బేకరీ కూడా పన్నెండున్నరకు షట్టరు దించి, మూడున్నరకో నాలుగింటికో గాని ఎత్తదు.